ఒత్తిడికి హద్దు: అమీర్‌పేట పరిసరాల్లో రిలీఫ్ వాల్వు చరిత్ర

అమీర్‌పేట, పంజాగుట్ట అనగానే నేటి పాఠకుడికి కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, బట్టల దుకాణాలు, మెట్రో స్టేషన్లు గుర్తుకు వస్తాయి గానీ, వీటికి చేరువలోని సనత్‌నగర్, ఆపై బాలానగర్ దశాబ్దాల పాటు హైదరాబాదు యంత్ర పరిశ్రమకు ఆయువుపట్లుగా నిలిచాయి. ఆ పరిశ్రమను కాపాడుతూ వచ్చిన పరికరాల్లో పేరు వినబడనిది ప్రెషర్ రిలీఫ్ వాల్వు, అంటే ఒత్తిడి నిర్ణీత హద్దు దాటగానే తెరుచుకొని ద్రవానికి దారి ఇచ్చే కవాటం.

దీని పూర్వరూపం ఆవిరి పాత్రలో పుట్టింది. 1679లో డెనిస్ పాపిన్ లండన్ రాయల్ సొసైటీకి చూపిన వంటపాత్రకు, బరువు వేలాడే మీట అదిమిపట్టిన చిన్న కవాటం తోడై, పాత్ర పగలకుండా ఆవిరిని వదిలేది. 1795లో జోసెఫ్ బ్రామా నీటి ఒత్తిడితో పనిచేసే ప్రెస్సుకు పేటెంటు పొందాక ఇదే అవసరం ద్రవయంత్రాలకూ వచ్చింది. కాలక్రమంలో బరువు స్థానాన్ని స్ప్రింగు ఆక్రమించింది. హైదరాబాదులో 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆవిరితో నడిచే విద్యుత్కేంద్రం మొదలైంది, బాయిలరు ఉన్నచోట సేఫ్టీ వాల్వు లేనిదే పని సాగదు.

నూనెతో నడిచే యంత్రం తీరు కొంత వేరు. నూనె దాదాపుగా కుదించుకుపోదు కనుక, పిస్టన్ కొసకు చేరి ఆగినా పంపు తిరుగుతూ ఉంటే ఒత్తిడి క్షణాల్లో ఎగబాకి, గొట్టమో సీలో పంపో పగులుతుంది. దాన్ని ఆపేదే రిలీఫ్ వాల్వు. అధిక ప్రవాహానికి వాడే పైలట్ రకం వాల్వులో చిన్న కవాటం ముందుగా తెరుచుకుంటుంది. ప్రధాన స్పూలు (లోపల జారే భాగం)లోని సన్నని రంధ్రం గుండా నూనె పారగానే స్పూలుకు రెండు వైపులా ఒత్తిడి తేడా ఏర్పడి, అది పైకి లేచి నూనెను ట్యాంకుకు మళ్లిస్తుంది. అలా మళ్లిన నూనె శక్తి వేడిగా మారుతుంది. అందుకే పొద్దంతా తెరుచుకొని ఉండే వాల్వు ఆ యంత్రంలో ఏదో లోపముందని చెబుతున్నట్టే.

1942లో స్థాపితమైన హైదరాబాద్ ఆల్విన్ సనత్‌నగర్‌లో బస్సు బాడీలను, తర్వాత రిఫ్రిజిరేటర్లను తయారుచేసింది. 1968లో బాలానగర్‌లో కేంద్ర ఉపకరణ రూపకల్పన సంస్థ వెలిసింది. రేకులను ఒత్తే ప్రెస్సులు, అచ్చులు ఇక్కడి చేతులకు అలవాటైన కాలంలోనే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ ఒత్తిడితో నడిచే యంత్రాలు సురక్షిత హద్దు మించకుండా చర్యలు తీసుకోవాలని నిర్దేశించింది.

ఆ చరిత్ర తాజా అధ్యాయం ప్రధాన రహదారి మీదే నడిచింది. 2017 నవంబరులో అమీర్‌పేట మెట్రో స్టేషన్, 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా ఎల్‌బీ నగర్ దాకా మార్గం తెరుచుకున్నాయి. ముందే పోతపోసిన కాంక్రీటు ముక్కలను లాంచింగ్ గర్డరుకు వేలాడదీసి, వాటి గుండా ఉక్కు తీగలను దూర్చి, హైడ్రాలిక్ జాక్‌తో బిగించి ఒక్కటి చేసే పద్ధతి ఈ మెట్రో వంతెనలది. బిగించేటప్పుడు గేజీలోని అంకెనే నమ్మకుండా తీగ ఎంత సాగిందో కొలిచి లెక్కతో సరిచూస్తారు. ఆ రెండు తనిఖీల వెనుక పంపుకు హద్దు గీసి నిలిచేది రిలీఫ్ వాల్వు. బరువు లేవడంలేదని దాని సెట్టింగ్ స్క్రూను మరికాస్త బిగించడం అత్యంత ప్రమాదకరమైన అలవాటు, ఎందుకంటే అలా బిగించినప్పుడు యంత్రం తట్టుకునే శక్తి పెరగదు, దాని రక్షణ మాత్రమే పోతుంది. అందుకే సరిచేసిన స్క్రూకు లాక్‌నట్ వేసి సీలు చేయడం మంచి కర్మాగారాల ఆచారం.

నగర చరిత్రకారులు భవనాలతోపాటు సనత్‌నగర్, బాలానగర్ ఫిట్టర్ల అనుభవాలనూ, మూతబడిన షెడ్లలో మిగిలిన మరమ్మతు రిజిస్టర్లనూ సేకరించి భద్రపరచాలి.