సీటొచ్చింది, సారు రాలేదు

ఇంజనీరింగ్ చదువు చరిత్రను మనకు శంకుస్థాపనలతో చెప్తరు. ఏ నవాబు కాలంలో ఏ భవనం లేచింది, ఏ ప్రధాని వచ్చి రాయి వేసిండు అన్నది ఆ లెక్క. ఆ భవనం తలుపు మాదిగవాడకు ఎన్నడు తెరుచుకుంది, తెరుచుకున్ననాడు లోపల పాఠం చెప్పే మనిషి ఉన్నడా అన్నది ఆ లెక్కలో ఉండదు. మా వైపు నుంచి ఆ లెక్క తీయాలని ఈ వ్యాసం.

మాది పాలకుర్తి. అప్పట్ల వరంగల్ జిల్లా, 2016 నుంచి జనగామ జిల్లా. మా తాత లందలో తోలు పదును చేసేటోడు. సున్నం ఎంత పొయ్యాలె, తంగేడు చెక్క ఎన్ని దినాలు నానాలె, మోట తొండం నీళ్లు కారకుండ ఎట్ల కుట్టాలె, అన్నీ ఆయన చేతికి తెలుసు. బావుల మీద మోటలు ఆ కుట్టు మీదనే నడిచినయి. దానికి కూలి, పంట కాలాన కల్లం కాడ పెట్టే మేర. కరెంటు మోటర్లు వచ్చినంక మోట పోయింది, తాత పనీ పోయింది. భూమి మాత్రం మాకు రాలేదు. ఆ మోటర్లున్న పొలాలల్లనే మా నాయిన జీతం ఉన్నడు. నేను ఆ మోటరు గురించే చదువుదామని ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరిన.

మా ఊరు అక్షరానికి పేరున్న ఊరే. సంస్కృతాన్ని పక్కకు పెట్టి జాను తెనుగులో ద్విపద రాసిన పాల్కురికి సోమనాథుని ఊరు. ఆయన బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. కథలో మాకు చోటు దొరికింది గని, బడిలో దొరకడానికి వందల ఏండ్లు పట్టింది.

హైదరాబాద్ రాజ్యంలో పెద్ద చదువు ఉర్దూలో నడిచింది. నిజాం ప్రభుత్వం 1917లో దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు అనువాదం చేయించింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ, 1929లో దాని ఇంజనీరింగ్ కాలేజీ వచ్చినయి. ప్రభుత్వం తలుచుకుంటే ఇంత పెద్ద చదువునైనా ఈ దేశపు భాషలో చెప్పొచ్చని మన నేల మీదనే రుజువైంది. ఆ భాష మాత్రం ఇక్కడి జనం ఎక్కువమంది మాట్లాడే తెలుగు కాలేదు. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు కూచుంది. మా వాడకు రెండూ దూరమే.

1959 అక్టోబర్ 10న నెహ్రూ వరంగల్‌లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి రాయి వేశారు. దేశంలో మొట్టమొదటి ఆర్ఈసీ అది, 2002లో ఎన్ఐటీ అయింది. పాలకుర్తిలో బస్సెక్కితే ఒక్క పూటలో పోయి రావచ్చు. ఆ రాయి పడిననాడు మా ఇంట్ల సంతకం పెట్టే మనిషి లేడు. యాభై ఏండ్ల తర్వాత నేను ఆ గేటు ముందునుంచే పోయిన, లోపలికి కాదు.

మాకు తెరిచిన తలుపు వేరే. 1972లో హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ ఏర్పడింది. డొనేషన్ల దందా మీద గొడవ లేస్తే 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేసిండ్రు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తి కాలేజీలలో సగం సీట్లు ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అన్నది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని తీసేసింది. పదేండ్లు గడిచేసరికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటినయి. ఒకప్పుడు గడీల నుంచి భూమిని ఏలిన కులాలకు, కాంట్రాక్టుల్లో పైసలు చూసిన కులాలకు కాలేజీ కొత్త పంట అయింది.

ఆ పంటకు నీళ్లు పెట్టింది ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008లో దాన్ని బీసీలకు, ఈబీసీలకు విస్తరించిండ్రు. ఎవరో నాయకుడు దయతలచి ఇచ్చిండని ఇప్పటికీ చెప్తరు. ఎస్సీ పిల్లల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. 1942లో వైస్రాయ్‌కు ఇచ్చిన వినతిపత్రంలో బాబాసాహెబ్ అంబేద్కర్ సైన్సు, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్పులు ప్రత్యేకంగా అడిగారు. మన పిల్లలు యంత్రం దగ్గర నిలబడాలన్నది ఆయన కోరిక. ఆ పైసలు మన పేరు మీద యజమాని ఖాతాకు పోయి, యంత్రం దగ్గర మాత్రం ఎవ్వరూ లేకపోతే దాన్ని ఏమనాలె?

2009లో నేను ఒక ప్రైవేటు కాలేజీలో చేరిన. పేరెందుకు, అట్లాంటివి కొల్లలు. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కు మూడు నెలలు సారు లేడు. తర్వాత వచ్చినాయన అంతకు ముందేడే అక్కడ పాసైన సీనియర్. జీతాలు అందక సార్లు నడి సెమిస్టర్‌లో పోయేటోళ్లు, ఆ పీరియడ్ల పక్క సెక్షన్‌తో కలిపి కూచోబెట్టేది. మెషీన్స్ ల్యాబ్‌లో మోటర్లు మూడు, నడిచేది ఒకటి, మేము అరవై మందిమి. రీడింగులు సీనియర్ల రికార్డులకెళ్లి దించుకునేది. మిడ్ మార్కులు పడలేదని ఆఫీసుకు పోతే యూనివర్సిటీని అడుగుమందురు. యూనివర్సిటీకి పోతే కాలేజీని అడుగుమందురు. పదిహేను మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని అప్పటి ఏఐసీటీఈ నిబంధన. ఇన్‌స్పెక్షన్ నాడు ఆ లెక్క సరిపోయేది. ఎన్నడూ చూడని సార్లు టక్కేసుకొని వచ్చేటోళ్లు, తెల్లారి ఒక్కరు కనపడరు.

2011 సెప్టెంబర్ 13 నుంచి సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. మేము రోడ్డు మీదనే ఉన్నం. ఆ సమ్మె మాది, పోయిన క్లాసులకు బాధ లేదు. సమ్మె లేని సెమిస్టర్లలో కూడ ఎనిమిది యూనిట్లకు మూడే చెప్పి, మిగిలినయి ఆల్-ఇన్-వన్ చూసుకోండ్రి అన్న కాలేజీ మీదనే నా తగాదా. ఇంగ్లీషు మీడియంలో వచ్చిన పిల్లలు హైదరాబాద్‌లో కోచింగ్ కొనుక్కున్నరు. సర్కారు బడి, వెల్ఫేర్ హాస్టల్ నుంచి తెలుగు మీడియంలో వచ్చిన మాకు ఆ క్లాసురూమే దిక్కు. సారు రాని క్లాసు అందరికీ ఒక్కతీరుగ ఖాళీ కాదు.

మూడో ఏడు ఎండాకాలంలో మా నాయిన పనిచేసే పొలంల మోటరు కాలింది. "నువ్వు గదే చదువుతున్నవ్ గదా బిడ్డా, జర చూడరాదూ" అన్నడు. ఆ మోటరు విప్పి లోపలి చుట్లు నేను మొదటిసారి చూసింది ఊళ్లె వైండింగ్ దుకాణంల. ఆ మెకానిక్ అన్న పదో తరగతి తప్పినోడు. నెల దినాలు పక్కన కూచోబెట్టుకొని చెప్పిండు, పైస అడగలే. మా తాతకు తోలు ఎట్ల తెలుసో, ఆ అన్నకు రాగి తీగ అట్ల తెలుసు. వాళ్లిద్దరికీ పట్టా లేదు. పట్టా ఇచ్చే చోట ఆ విద్య లేదు.

2013లో కోర్సు అయిపోయింది. సర్కారు నుంచి ఆఖరు ఏడు ఫీజు రాలేదు, నువ్వు కడితేనే సర్టిఫికెట్లు అన్నరు. మా అవ్వ డ్వాక్రా సంఘంల అప్పు తీసి కట్టింది. తర్వాత సర్కారు పైసలు కాలేజీకి ముట్టినయి. అవ్వ పైసలు తిరిగి రాలే. ఆమె కూలికి పోయి వడ్డీతోని తీర్చింది. నేను బీఎడ్ చేసి సర్కారు బడిలో లెక్కల సారునైన.

2014 ఆగస్టులో, తెలంగాణ వచ్చిన రెండు నెలలకు, సరైన అధ్యాపకులు, ల్యాబులు లేవని జేఎన్‌టీయూ హైదరాబాద్ 174 కాలేజీలకు అనుబంధం నిరాకరించింది. యాజమాన్యాలు కోర్టుకు పోయినయి. వాటికి వకీళ్లు దొరికిండ్రు, వాదనలు దొరికినయి. అంతకు ముందే అట్లాంటి కాలేజీల నుంచి పట్టాలు పట్టుకొని బయటపడ్డ పిల్లల గురించి ఏ కోర్టులో వాదన జరగాలె? ఇంటర్వ్యూలో నోరు పెగలని పిల్లగాన్ని చూసి కోటాల వచ్చినోనికి ఏమొస్తదని నవ్విండ్రు. నాలుగేండ్లు ఫీజు తీసుకొని పాఠం చెప్పనోన్ని మెరిట్ ఉందా అని ఎవ్వరూ అడగలే.

2018లో ఏఐసీటీఈ ఆ నిష్పత్తిని సడలించి ఇరవై మందికి ఒక అధ్యాపకుడు చాలన్నది. 2021లో తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్‌కు అనుమతి ఇచ్చింది. 2025 నవంబర్‌లో కూడ రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ చేసినయి. యాజమాన్యాల బకాయిలకు లెక్క ఉంది. మా అవ్వల అప్పులకు లెక్క లేదు.

విసునూరు దేశ్‌ముఖ్ మీద మా పాలకుర్తిలో కొట్లాడి తన పంట తను ఇంటికి తెచ్చుకున్నది చాకలి ఐలమ్మ. 2024లో హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టిండ్రు. సంతోషమే. పొలం కౌలుకు తీసుకున్నంత మాత్రాన ఐలమ్మ ఊకోలేదు, గింజ ఇల్లు చేరేదాక కొట్లాడింది. మన సంఘాలు కూడ సీట్ల శాతం అడిగినంత గట్టిగ సారు ఏడి, ల్యాబు ఏది, సర్టిఫికెట్ ఎందుకు ఆపినవ్ అని అడగాలె. మన బిడ్డ పేరు మీద ఫీజు తీసుకున్న ప్రతి కాలేజీ గేటు కాడ అడగాలె.