పల్నాటి కొణతం, నమూనా ట్యాంకు: యుద్ధ ప్రతిరూపాలలో మనిషి స్థానం

వ్యాససంగ్రహం

పోరు ముగిసిన తరువాత కూడా సమాజం యుద్ధ పరికరాలను, వాటి ప్రతిరూపాలను నిలుపుకొంటుంది. పల్నాడులోని కారంపూడిలో పూజలందుకొనే కొణతాలు అటువంటివి. ఆధునిక కాలంలో అభిరుచిపరులు నిర్మించే దూరనియంత్రిత నమూనా ట్యాంకులూ అటువంటివే. ఈ రెండింటిలోనూ యోధుడికి దక్కిన స్థానాన్ని పరిశీలించి, ప్రతిరూపం చారిత్రక ఆధారంగా ఎంతవరకు నిలుస్తుందో నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పల్నాడు, కారంపూడి, కొణతం, నమూనా ట్యాంకు, దూరనియంత్రణ, యుద్ధస్మృతి.

1. ప్రవేశిక

యుద్ధ చరిత్రకు శాసనాలు, కావ్యాలతో పాటు వస్తువులూ ఆధారాలు. వాటిలో కొన్ని యుద్ధంలో వాడినవి; మరికొన్ని యుద్ధాన్ని గుర్తుచేయడం కోసం రూపొందినవి. రెండవ కోవకు చెందిన వస్తువుకు శత్రువు ఉండడు, విజయమూ ఉండదు. దానిని రూపొందించినవారు, నిలుపుకొన్నవారు యుద్ధంలో దేనిని గుర్తుంచుకోదగినదిగా ఎంచారో మాత్రం అది చెబుతుంది. ఈ దృష్టితో చూస్తే, కాలంలో ఎనిమిది శతాబ్దాల ఎడం ఉన్న కొణతానికీ నమూనా ట్యాంకుకూ ఒకే ప్రశ్న వర్తిస్తుంది: పరికరం మిగిలిన చోట, దానిని పట్టిన మనిషి మిగిలాడా?

2. కారంపూడి కొణతాలు

12వ శతాబ్ది ఉత్తరార్ధంలో గురజాల, మాచర్ల పక్షాల మధ్య జరిగిన పల్నాటి యుద్ధానికి నాగులేటి తీరంలోని కారంపూడి రంగస్థలం. అక్కడి వీరుల గుడిలో ఏటా కార్తీక అమావాస్య మొదలుకొని ఐదు రోజులు వీరారాధన ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే ఆ దినాల పేర్లే వీరగాథలోని ఘట్టాలను సూచిస్తాయి. ఆచారవంతులు కొణతాలతో తరలివస్తారు. వీరవిద్యావంతులు కథాగానం చేస్తారు.

ఇక్కడ గమనించవలసిన అంశం, ఆయుధానికీ వీరుడికీ మధ్య ఉన్న అభేద భావన. పూజ లోహానికి కాదు, దానిలో నిలిచిన వీరుడికి. వీరగాథా సంప్రదాయంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. భైరవఖడ్గం అనగానే కన్నమదాసు స్ఫురిస్తాడు. మాల కులంలో పుట్టి బ్రహ్మనాయుడి సేనానిగా ఎదిగిన అతని సామాజిక చరిత్ర కూడా ఆ ఖడ్గనామంతో పాటే శ్రోతకు చేరుతుంది. కొణతం తన రూపం కంటె ముందుగా మనిషి పేరును భద్రపరిచింది.

3. దూరనియంత్రణ: యుద్ధరంగం నుండి బల్ల మీదికి

ట్యాంకు యుద్ధరంగంలో తొలిసారి కనిపించింది 1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్సులోని సోమ్ పోరులో. అంతకు 18 ఏళ్ల ముందే, 1898లో, నికోలా టెస్లా న్యూయార్క్‌లో రేడియో తరంగాలతో చిన్న పడవను నడిపి చూపాడు. ఈ రెండు ఆవిష్కరణల కలయిక సోవియట్ ‘టెలిట్యాంకు’. 1939-40 నాటి ఫిన్లాండ్ యుద్ధంలో టి-26 ట్యాంకులను మనుషులు లేకుండా, వెనుక ఉన్న మరొక ట్యాంకు నుండి రేడియో ద్వారా నడిపారు. 1942లో జర్మన్లు ప్రవేశపెట్టిన ‘గోలియత్’ తీగ ద్వారా ఆదేశాలు అందుకొని, శత్రుస్థానం చేరి పేలిపోయే చిన్న ట్రాకు వాహనం.

అభిరుచి రంగంలో జపాను సంస్థ టామియా 1960ల ఆరంభంలో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు నమూనాను విడుదల చేసింది. లోపల బ్యాటరీలు, మోటారు పట్టేందుకు నిర్ణయించిన పరిమాణమే 1/35 స్కేలుగా స్థిరపడి, తరువాత ప్రపంచవ్యాప్త ప్రమాణమైంది. అంటే నమూనా ట్యాంకు కొలతను తొలుత నిర్ణయించింది లోపలి బ్యాటరీ. దూరనియంత్రిత నమూనాలకు 1/16 స్కేలు ప్రధానమైంది.

4. నిర్మాణంలో కొలతల సమస్య

1971 యుద్ధంలో భారత సైన్యం వాడిన టి-55 ట్యాంకును ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని బరువు సుమారు 36 టన్నులు. 1/16 స్కేలులో పొడవు 16వ వంతుకు తగ్గితే, ఘనపరిమాణం 4,096వ వంతుకు తగ్గుతుంది. ఆ లెక్కన నమూనా దాదాపు 9 కిలోలు తూగాలి. ప్లాస్టిక్ నమూనా అంత తూగదు. అందుచేత గులకరాయి తగిలినా ఎగిరిపడుతుంది. నిర్మాతలు లోహపు ట్రాకులు, లోహపు చక్రాలు అమర్చి బరువు పెంచేది ఇందుకే. గంటకు 50 కిలోమీటర్ల అసలు వేగం నమూనాలో సుమారు 3 కిలోమీటర్లు, అనగా మనిషి నడక కంటె తక్కువ. గేర్లతో మోటారు వేగాన్ని అంతకు దించితేనే నమూనాకు భారీ యంత్రపు నడక వస్తుంది.

కుడి, ఎడమ ట్రాకులకు వేర్వేరు మోటార్లు ఉంటాయి. ఒకటి ముందుకు, మరొకటి వెనుకకు తిరిగితే వాహనం ఉన్నచోటనే మలుపు తీసుకొంటుంది. అసలు ట్యాంకులో నాయకుడు, గురికాడు, గుండు నింపేవాడు, చోదకుడు అనే నలుగురు చేసే పనిని ఇక్కడ ఒకే చేతిలోని నియంత్రకం చేస్తుంది. మూత తెరిచి నడుము దాకా కనిపించే నాయకుడి బొమ్మ కింద ఉండేవి తీగలు, బ్యాటరీలే.

5. సూక్ష్మ వివరాలు: మనిషి జాడలు

యంత్రంలో చోటు దక్కని మనిషి ఉపరితలం మీద తిరిగి కనిపిస్తాడు. నైపుణ్యం గల నిర్మాత రంగు అంతటా ఒకే తీరున వేయడు. సిబ్బంది ఎక్కిదిగే చోట, మూతల అంచున రంగు అరిగినట్లు చూపుతాడు. ఇంధనం పోసే మూత చుట్టూ నూనె మరక దిద్దుతాడు. పార, గొడ్డలి, లాగుడు తాడు వంటివాటిని వాటి వాటి స్థానాలలో బిగిస్తాడు. బురదలో దిగబడితే ట్రాకుల కింద వేసేందుకు వెనుక కట్టిన దుంగను మరువడు. ఇవన్నీ ఆ నలుగురి శ్రమకు గుర్తులు. తుప్పు, దుమ్ము, బురద కూడా ఏ నేల మీద, ఏ ఋతువులో నడిచిన యంత్రమో తెలిపే సాక్ష్యాలుగా ఉండాలి. నల్లరేగడి బురద, ఎడారి ఇసుక ఒకే తీరున అంటవు. ఫొటోల ఆధారంతో చేసిన వివరణ చారిత్రకం. అందం కోసం చల్లిన తుప్పు అలంకారం మాత్రమే.

6. సమకాలీన సందర్భం

ఈ చర్చ అభిరుచికే పరిమితం కాదు. తెలుగునాట ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారంలో 1980ల నుండి బీఎంపీ-2 ‘శరత్’ వాహనాలు తయారవుతున్నాయి. బీఎంపీ-2 ఆధారంగా ఆవడిలోని రక్షణ పరిశోధనశాల రూపొందించిన మానవరహిత ట్రాకు వాహనం ‘ముంత్ర’ 2017లో ప్రజల ముందుకు వచ్చింది. నిఘా, మందుపాతరల గుర్తింపు, అణుధార్మిక ప్రాంతాల పరిశీలన దాని పనులు. ప్రాణహాని ఉన్న చోట మనిషిని తప్పించడం దాని ప్రయోజనం. అయితే భవిష్యత్తులో అటువంటి వాహనానికి నమూనా చేసేవాడికి మూత అంచున అరిగిన రంగు దొరకదు.

7. ఉపసంహారం

కొణతం రూపంలో సరళమైనది, స్మృతిలో సంపన్నమైనది. నమూనా ట్యాంకు రూపంలో సంపన్నమైనా, యంత్రం పేరు చెప్పి మనిషి పేరు విడిచిపెడుతుంది. ఆ లోటును కొంతమేరకైనా పూడ్చేవి సూక్ష్మ వివరాలు. కనుక నమూనాను చారిత్రక ఆధారంగా స్వీకరించే పరిశోధకుడు కొలతల కచ్చితత్వంతో తృప్తిపడక, అది ఏ దళానిదో, ఏ రంగంలో నడిచిందో, అందులో ఎవరు కూర్చున్నారో అడగాలి. కారంపూడిలో ప్రతి కొణతం ముందూ ఈ ప్రశ్నకు సమాధానం సిద్ధంగా ఉంటుంది.