గాలి హెచ్చితే చాప తగ్గాలి

1988 ప్రాంతంలో మానేరు ఒడ్డున ఉన్న ఒక పల్లె బడిలో నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఒకనాడు పాఠంలో ‘తెరచాప’ అన్న మాట వచ్చింది. అర్థం చెప్పి, నల్లబల్ల మీద ఓడ బొమ్మ గీశాను. వెనుక వరుసలోని ఒక కుర్రవాడు లేచి, “సార్, గాలి బాగ కొడితె తెరచాప పెద్దది కడ్తరా, చిన్నది కడ్తరా?” అని అడిగాడు. “గాలి ఎంత ఎక్కువైతే చాప అంత పెద్దది కావాలిరా, అప్పుడే కదా ఓడ జోరుగా పోయేది” అన్నాను. వాడు కూర్చోలేదు. “మా నాయిన గాలొస్తె ఆరేసిన గుడ్డ మడత పెడ్తడు సార్” అన్నాడు. తరగతి నవ్వింది. నేను కూడా నవ్వి, వాణ్ణి కూర్చోమన్నాను.

ముప్పయ్యయిదేళ్ళ తరువాత నా జవాబు తప్పని తెలిసింది. అది తెలిసిన తీరు, దాని వెంట నేను తవ్విన చరిత్ర బ్లాగ్మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

మా మేనల్లుడు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఉంటాడు. అక్కడ వేసవిలో మధ్యాహ్నం దాటగానే సముద్రం మీదనుంచి బలమైన చల్లగాలి వీస్తుంది. ఎండ బాధ తీరుస్తుంది కనుక జనం దానికి ‘ఫ్రీమాంటిల్ డాక్టర్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ గాలిలో మావాడు ఒక పలక మీద నిలబడి, చేతులతో తెరచాప పట్టుకొని నీళ్ళమీద జారుతాడు. దీన్ని విండ్‌సర్ఫింగ్ అంటారు. 2023లో ఫోనులో, “మామా, గాలి ఎక్కువున్న రోజులకు కొత్త చాప, కొత్త పలక కొనాలె. ఏది కొనమంటవు చెప్పు” అని పరిహాసానికి అడిగాడు. “ఉన్నదానికన్నా పెద్దది కొనరా” అన్నాను. అటువైపు ఒకటే నవ్వు. “పెద్దది పట్టుకుంటె నన్ను లేపి అవుతల పడేస్తది మామా. గాలి పెరిగితె చాప తగ్గాలె, పలక గూడ తగ్గాలె” అన్నాడు. నాకు వెంటనే ఆ మానేరు ఒడ్డు బడి, నిలబడ్డ కుర్రవాడు గుర్తుకు వచ్చారు.

కారణం లెక్కలో ఉన్నది. గాలి తోపు దాని వేగం మాదిరిగా పెరగదు, వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు. పన్నెండు నాట్ల గాలిలో హాయిగా పట్టుకోగలిగిన చాపను ఇరవైనాలుగు నాట్ల గాలిలో పట్టుకోవడం మనిషి వల్ల కాదు. ఇక్కడ చాపను నిలిపేది మనిషి ఒంటిబరువే. గాలి పెరిగిందని ఆ బరువు పెరగదు గదా!

భాషాపండితుణ్ణి గనుక ముందు మాట దగ్గరికే పోయాను. తెర, చాప అన్న రెండు మాటలు కలిసి తెరచాప అయింది. తెర అంటే అడ్డుగా కట్టే గుడ్డ. అల అన్న అర్థం కూడా ఉన్నది. చాప అంటే మనం పరచుకొనేదే. ఓడకు కట్టిన తొలి తెరలు ఆకులతోనో గడ్డితోనో అల్లిన చాపలన్న జ్ఞాపకం ఈ మాటలో మిగిలినట్టుంది. ఇక సంస్కృతం. అమరకోశంలోని వారివర్గం ఓడకొయ్యకు కూపకమనీ, గుణవృక్షకమనీ పేర్లు చెప్పింది. గుణమంటే తాడు. తాళ్ళు కట్టిన చెట్టే గుణవృక్షం. ఎన్నో ఏళ్ళు ఈ పదాలను వల్లె వేయించాను. ఆ తాళ్ళు చాపను ఎత్తడానికే కాక దించడానికి కూడా అన్న ఆలోచన నాకు ఒక్కనాడూ కలగలేదు.

మాకు సముద్రం దూరమే గాని దాని చరిత్ర మరీ దూరం కాదు. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో శాతవాహనుల తొలి రాజుగా చెప్పే చిముకుని నాణేలు దొరికాయి. అదే వంశం వారు తరువాతి కాలంలో తూర్పుతీరంలో ఓడ బొమ్మ ఉన్న సీసపు నాణేలు వేశారు. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో ఇవి ప్రసిద్ధం. ఆ ఓడకు రెండు కొయ్యలు ఉంటాయి. ఒక్క కొయ్యకు ఒక్క మహాచాప కడితే గాలి ముదిరినప్పుడు దాన్ని అదుపు చేయడం కష్టం. రెంటికి పంచితే ఒకటి దించి ఇంకొకటి ఉంచవచ్చు. అంగుళమైనా లేని ఆ నాణెం మీద నా విద్యార్థి ప్రశ్నకు జవాబు ఉన్నదని ఇప్పుడు అనిపిస్తున్నది. క్రీస్తుశకం మొదటి శతాబ్దానికి చెందిన ‘పెరిప్లస్’ అనే గ్రీకు గ్రంథం మసాలియా, అంటే మచిలీపట్నం ప్రాంతం, సన్నని నూలుబట్టకు పేరుపొందిందని చెప్పింది. గుడ్డ నేసేవాడు, చాప ఎత్తేవాడు ఆనాటి నుంచీ చుట్టాలే.

గాలిని తప్పుగా అంచనా వేస్తే ఏమవుతుందో చెప్పే శాసనం కూడా మనకున్నది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు శకవర్షం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారు. తాను మాత్రం ప్రాణంకన్నా ధనమే మిన్న అనుకొని సముద్రానికి తెగించినవారిపై దయతో, న్యాయమైన సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నాను అని దాని సారాంశం. ఓరుగల్లు కోటలో కూర్చున్న రాజుకు గాలి సంగతి తెలుసు. అదే శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలి అని పేర్కొని, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్ననిదని మెచ్చుకున్నాడు.

గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఓడల నిర్మాణానికి పేరుపడ్డ రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన దాన్ని ముంచింది. ఇలాంటి బంగాళాఖాతపు తుపానులను కలకత్తాలో ఉండి పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో తన నావికుల చేతిపుస్తకంలో ‘సైక్లోన్’ అనే మాటను ప్రయోగించాడు. ఈనాడు ప్రపంచమంతా వాడే ఆ మాట పుట్టుకలో మన తీరపు కన్నీళ్ళు కూడా ఉన్నాయి.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరచినది బ్యూఫోర్ట్ కొలమానం. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి 1805-06లో గాలికి సున్న నుంచి అంకెలు వేశాడు. ఆయన గాలి వేగాన్ని కొలవలేదు. ఎంత గాలికి యుద్ధనౌక ఎన్ని చాపలు నిలుపుకోగలదు అన్నదే ఆయన కొలత. అంకె పెరిగేకొద్దీ చాపలు ఒకటొకటిగా దిగుతాయి, మిగిలినవి మడతపడతాయి. పన్నెండో అంకెకు వచ్చేసరికి ఏ గుడ్డా నిలువదు. 1838లో బ్రిటిష్ నౌకాదళం దీన్ని తన ఓడలన్నిటా అమలు చేసింది. ఆరేసిన గుడ్డను మడతపెట్టిన నేతకాని లెక్కే బ్యూఫోర్ట్ లెక్క!

ఇక మావాడి పలక కథ. 1958లో ఇంగ్లండులో పీటర్ చిల్వర్స్ అనే పిల్లవాడు ఇలాంటిది ఒకటి చేసుకున్నాడు. అమెరికాలో న్యూమన్ డార్బీ 1965లో తన తెరచాప పలకను ఒక పత్రికలో వివరించాడు. కాలిఫోర్నియాలో హోయల్ ష్వైట్జర్, విమాన ఇంజనీరు జిమ్ డ్రేక్ కలిసి 1968లో పేటెంటు కోరారు. కొయ్యను పలకకు బిగించక, ఎటైనా వంగే కీలుతో కలపడం వారి ఏర్పాటులోని కీలకం. ఇంగ్లండులో ఆ పేటెంటు వివాదం న్యాయస్థానానికి ఎక్కినప్పుడు, 1985లో, చిల్వర్స్ చిన్నప్పటి పలకే సాక్ష్యమై పేటెంటు చెల్లకుండా పోయింది. ఒక పిల్లవాడి ఆటను పెద్దలు కొట్టివేయలేదన్నమాట. ఈ ముక్క చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గు వేసింది. ఆ నడుమ 1984లోనే ఈ ఆట ఒలింపిక్స్‌కు చేరింది.

పెద్ద ఓడలో ఉన్న చాపనే మడిచి కట్టి చిన్నది చేస్తారు. పలక మీద ఆ వీలు లేదు, ఎవరి దగ్గరైనా వేరువేరు కొలతల చాపలు ఉండవలసిందే. మావాడి బరువు 75 కిలోలు. పన్నెండు నాట్ల గాలికి వాడి దగ్గర ఏడున్నర చదరపు మీటర్ల చాప ఉన్నది. పద్ధెనిమిది, ఇరవై నాట్లకు అయిదుకు కాస్త పైన, పాతిక నాట్లకు నాలుగు, నాలుగున్నర మధ్య సరిపోతుందట. చాపకూ చాపకూ నడుమ సుమారు ఒక మీటరు తేడా ఉంటే ఏ గాలికీ వెలితి ఉండదు. అందువల్ల ముందు 5.3, మరుసటి ఏడు 4.5 కొన్నాడు.

పలకను లీటర్లలో కొలుస్తారు. లీటరు నీటికి కిలో బరువు కనుక మనిషి, పలక, చాప కలిపిన బరువుకన్నా లీటర్లు ఎక్కువ ఉంటేనే నిలబడితే తేలుతుంది. నేర్చుకొనేవారికి 150 నుంచి 200 లీటర్ల వెడల్పు పలక మేలు. గాలి ముదిరితే అదే వెడల్పు శత్రువు. అలల మీద ఎగిరెగిరి పడుతుంది, గాలి కిందికి దూరి ముక్కును లేపుతుంది. కనుక గట్టిగాలికి మావాడు 95 లీటర్ల సన్నని పలక కొన్నాడు. వేగంలో అది నీటి మీద జారుతూ తనను తాను మోసుకుంటుంది గనుక తక్కువ లీటర్లు చాలు. పలక అడుగున ఉండే రెక్క కూడా చిన్నదై ఉండాలి. ముందు చాప, దాన్నిబట్టి పలక, దాన్నిబట్టి రెక్క: ఇదీ వరుస. ఒడ్డునుంచి దూరానికి వీచే గాలిలో మాత్రం ఏ చాపతోనూ వెళ్ళనని నా దగ్గర ఒట్టు వేశాడు.

కిందటేడు వచ్చినప్పుడు చిరిగిన పాత చాప ముక్క ఒకటి తెచ్చాడు. దాన్ని మా వీధిలో మరమగ్గాలు నడిపే పెద్దమనిషికి చూపాను. ఆయన పడుగు వెంట లాగి, పేక వెంట లాగి, తరువాత మూలవాటుగా లాగి చూశాడు. “ఏ గుడ్డయినా మూలకు గుంజితె సాగాలె. ఇది సాగుతలేదు పంతులూ” అన్నాడు. సరిగా అక్కడే పట్టుకున్నాడు. చాప సాగితే దాని పొట్ట లోతవుతుంది, గట్టిగాలిలో అదుపు తప్పుతుంది. 1851లో ‘అమెరికా’ అనే నౌక ఇంగ్లీషు నౌకలను ఓడించినప్పుడు, వారి అవిసెనార చాపలకు ఎదురుగా ఒత్తుగా నేసిన నూలు చాపలు కట్టింది. తరువాత పాలియెస్టర్ వచ్చింది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనుగొన్న ఆ పదార్థం నూలు చాపను సముద్రంనుంచి తరిమింది. ఇప్పటి విండ్‌సర్ఫింగ్ చాపలలో పెద్ద భాగం నేతే కాదు, పారదర్శకమైన పాలియెస్టర్ పొర. మా సిరిసిల్ల మరమగ్గాల మీద ఆడేది కూడా ఆ పాలియెస్టరే. “చీరెకు సాగినా నడుస్తది గని దీనికి నడవదన్నట్టు” అని ఆ ముక్కను తిరిగి ఇచ్చాడు.

నేను పాఠం చెప్పిన ఆ పల్లె ఇప్పుడు లేదు. మానువాడ దగ్గర కట్టిన మధ్యమానేరు జలాశయంలో మునిగింది. 25 టీఎంసీలకు పైగా నీళ్ళు పట్టే ఆ జలాశయం 2019లో నిండింది. ఆషాఢంలో కట్ట మీద నిలబడితే పంచె నిలువనీయని గాలి. ఒకనాడు అక్కడ నిలబడి, ఈ గాలికి ఎంత చాప కావాలి అని లెక్క వేసుకున్నాను. నాలుగున్నర చదరపు మీటర్లు అనుకున్నాను. నా నల్లబల్ల, దానిమీది తప్పు జవాబు ఆ అలల కిందనే ఎక్కడో ఉన్నాయి.

ఆ కుర్రవాడు పదో తరగతి తరువాత భివండి మగ్గాలకు వెళ్ళాడని విన్నాను. మరి కనబడలేదు. ఎక్కడ ఉన్నా ఇప్పటికి యాభై దాటి ఉంటాడు. వాడు ఇది చదువుతాడన్న ఆశ లేదు. అయినా పంతులు తన తప్పును బల్లమీదనే దిద్దాలి కనుక రాస్తున్నాను: చిన్నదే కట్టాలిరా అబ్బాయీ. మీ నాయిన చేసిందే సరి.