వెబ్ అనలిటిక్స్: సైట్‌లో కోడ్ పెట్టడం ఈజీనే.. కస్టమర్ ఫోన్ నంబర్ లీక్ కాకుండా చూసుకోవాలి!

కోకాపేటలో 2023 ఆగస్టు 3న హెచ్ఎండీఏ వేలం వేస్తే, నియోపోలిస్‌లో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. ఆ చుట్టుపక్కల ఫ్లాట్ కొనాలనుకునేవాళ్లు ఇప్పుడు ముందు చూసేది ఫోన్‌లో ప్రాజెక్ట్ వెబ్‌సైట్‌నే. ఎంతమంది చూశారు, ఏ ఊరి నుంచి చూశారు, ఏ పేజీ దగ్గర ఆగారు? ఈ లెక్క చెప్పేదే వెబ్ అనలిటిక్స్. (రియల్ ఎస్టేట్ వాళ్లు చెప్పే 'సైట్ విజిట్' వేరు, ఇది వేరు!)

ఎలా పనిచేస్తుంది?

పేజీలో చిన్న జావాస్క్రిప్ట్ కోడ్ పెడతారు. పేజీ ఓపెన్ కాగానే అది విజిటర్ బ్రౌజర్‌లో రన్ అయి, పేజీ అడ్రస్, డివైజ్ వంటి వివరాలను సర్వర్‌కు పంపుతుంది. ఎక్కువగా వాడేది గూగుల్ అనలిటిక్స్. అర్చిన్ అనే కంపెనీని కొన్నాక, 2005లో గూగుల్ దీన్ని తెచ్చింది. పాత వెర్షన్ 2023 జులై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడున్నది జీఏ4.

ఇందులో అకౌంట్ తెరిస్తే 'జీ' అక్షరంతో మొదలయ్యే ఐడీ, దాంతోపాటు కోడ్ ఇస్తారు. దాన్ని ప్రతి పేజీ హెడ్ భాగంలో పేస్ట్ చేయాలి. ఒక్కసారే! థీమ్‌లో ఒకటి, ప్లగిన్‌లో ఇంకొకటి పెడితే ఒక్క పేజీ వ్యూ రెండుగా లెక్కలోకి రావొచ్చు. స్క్రోల్, బ్రోచర్ డౌన్‌లోడ్ వంటివి జీఏ4 తనంతట తానే లెక్కేస్తుంది. 'కాల్ చేయండి' బటన్ నొక్కారా లేదా అన్నది మాత్రం ఈవెంట్‌గా విడిగా సెట్ చేసుకోవాలి. నిజానికి అమ్మేవాళ్లకు కావాల్సిన లెక్క అదే.

అసలు సమస్య ఇక్కడే

బ్రోచర్ కోసం పేరు, నంబర్ అడిగే ఫామ్ 'గెట్' పద్ధతిలో ఉంటే, సబ్మిట్ కొట్టగానే ఫోన్ నంబర్ నేరుగా పేజీ అడ్రస్‌లోకి వచ్చేస్తుంది. అనలిటిక్స్ కోడ్ ఆ అడ్రస్‌ను ఉన్నదున్నట్టు పంపేస్తుంది. అదే పేజీలో ఉన్న యాడ్ కోడ్‌లకూ అది కనిపిస్తుంది. వ్యక్తిగత వివరాలు పంపడం గూగుల్ రూల్స్‌కే విరుద్ధం. ఫామ్‌ను 'పోస్ట్'కు మార్చడమే దీనికి సరైన మందు. జీఏ4లో అడ్రస్‌లోని వివరాలను దాచే సెట్టింగ్ ఉన్నా, ఏది దాచాలో మనమే పేరు ఇవ్వాలి.

చెక్ చేయడం కూడా తేలికే. మీ సైట్‌లో ఉత్తుత్తి నంబర్‌తో ఫామ్ నింపి, బ్రౌజర్ అడ్రస్ బార్ చూడండి. నంబర్ కనిపించిందంటే వెంటనే డెవలపర్‌కు ఫోన్ చేయాల్సిందే.

చట్టం ఏమంటోంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. రూల్స్‌ను కేంద్రం 2025 నవంబర్‌లో నోటిఫై చేసింది. విడతలవారీగా అమలవుతాయి. డేటా భద్రతకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. డేటా బయటి కంపెనీకి వెళ్లొద్దనుకుంటే మటోమో వంటి ఓపెన్ సోర్స్ టూల్‌ను సొంత సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. అయితే ఆ సర్వర్ బాగోగులు కూడా సొంతంగానే చూసుకోవాలి.