బంతిపూవు పయనము

సంక్రాంతి వచ్చినదనగా కోనసీమలో ఏ ముంగిట చూచినను గొబ్బెమ్మపై బంతిపూవు, ఏ గుమ్మమున చూచినను బంతిపూల తోరణము. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివచ్చు వేళ ఈ పూవు కావలెను. మాఘమాసమున అంతర్వేదిలో లక్ష్మీనరసింహుని కల్యాణమునకును కావలెను. మన పండుగలలో ఇంతగా కలిసిపోయిన పూవు అనాదిగా మనదేయని తలచుట సహజము. కాని చరిత్రను పరికించినచో బంతి ఈ నేలపై పుట్టినది కాదు. రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకు పూనుకొన్న 11వ శతాబ్దిలో గోదావరీ తీరమున బంతిమొక్క ఒక్కటియైనను లేదు.

బంతికి జన్మభూమి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. చామంతి, పొద్దుతిరుగుడు దీని కుటుంబమునకు చెందినవే. ఈ కుటుంబమున కొక విశేషము కలదు. ఒక్క పూవని మనము కోయునది నిజమునకు ఒకే తొడిమపై గుమిగూడిన అనేకములైన చిన్నపూవుల గుత్తి. మెక్సికో ఆదివాసులు ఈ సంగతిని గమనించిరో యేమో, తమ భాషలో దీనిని 'ఇరువది పూవు' అని పిలిచిరి. వారి లెక్కలో ఇరువది యనగా పెక్కు అని భావము. నేటికిని నవంబరు మొదటి రెండు దినములలో ఆ దేశస్థులు గతించిన పెద్దలను తలచుకొని సమాధులను ఈ పూలతో అలంకరింతురు.

1552లో మార్టిన్ దె లా క్రూజ్ అను స్థానిక వైద్యుడు చెప్పగా హువాన్ బదియానో లాటిను భాషలోనికి మార్చిన మూలికాగ్రంథ మొకటి కలదు. నదిని క్షేమముగా దాటగోరువాడు బంతిజాతికే చెందిన యొక మొక్కను మరియొక మూలికతో నూరి, ఆ రసమును రొమ్మునకు పూసికొనవలెనని అందున్నది. తరతరములుగా పడవపై రేవు దాటి ఇల్లు చేరిన కోనసీమవారికి ఈ మాట వింతగా తోచినను, పరాయిగా తోచదు.

1510లో గోవా పోర్చుగీసుల వశమైనది. అమెరికా ఖండపు మిరప, పొగాకు మొదలగునవి వారి ఓడలపై మన రేవులకు చేరినవి. బంతియు 16వ శతాబ్దిలో ఆ మార్గముననే వచ్చినదని పండితుల అభిప్రాయము. ఐరోపావారు దీనికి పెట్టిన పేర్లు చిత్రమైనవి. ఇంగ్లీషువారు దీనిని ఆఫ్రికా బంతి అనిరి. ఫ్రెంచివారు 'ఇండియా గులాబి' అనిరి. కాని ఆ ఇండియా మనది కాదు, కొలంబసు పొరబడి చేరిన పడమటి దీవులు. గౌతమికి ఆవలి ఒడ్డున, 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో నుండిన యానాములో ఆ పేరు గల పూవును కోనసీమవారు తమ తెలుగు పేరుతోనే ఎరుగుదురు. 1753లో లిన్నేయసు దీనికి 'టాజెటిస్ ఎరెక్టా' అని శాస్త్రనామ మొసగెను. తెలుగువా రెవ్వరిని అడుగలేదు. గుండ్రముగా నున్నది గనుక బంతి అనిరి. పేరు కుదిరినది.

పేరు కుదిరినంత మాత్రమున పంట కుదురదు. దానికి నేల కావలెను. గౌతమీ వసిష్ఠల నడుమ వరద తెచ్చిన ఒండ్రుతో పెరిగిన లంకలు ఆ నేలనిచ్చినవి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన పిమ్మట కాలువనీ రందిన పొలములు వరికి పోయినవి. కాలువ కెక్కని లంకలు పొగాకు, మిరప, కూరగాయలు, పూలకు మిగిలినవి. లంకపొగాకు, మిరప, తీపిగుమ్మడి, బంతి: ఈ నాలుగును అమెరికా సంతతియే. గొబ్బెమ్మపై బంతి ప్రక్కన నిలుచు గుమ్మడిపూవు సయితము ఆ దూరదేశపు చుట్టమే!

కొత్తపేట, ఆలమూరు ప్రాంతముల లంకరైతు బంతిని లెక్క ప్రకారము వేయును. వరద తీసి నేల ఆరిన పిమ్మట నారు పోయుదురు. దాదాపు నెల దినములకు నారు తీసి నాటుదురు. మరి కొన్ని వారములకు మొక్క తలను త్రుంచుదురు. అందుచే ప్రక్కకొమ్మలు విరివిగా వచ్చి పూవు లెక్కువగును. నాటిన రెండు నెలలకు పిదప కోత ఆరంభము. సంక్రాంతి పూవు కావలెనన్నచో అక్టోబరులోనే మొక్క నేలలో నుండవలెను. నీరు నిలిచిన వేరు కుళ్ళును. బంతి వేరునుండి ఊరు రసము నేలలోని నులిపురుగుల నణచును గనుక, తరువాతి పైరుకు కూడ మేలు. చల్లని వేళ కోసిన పూవు కడియపులంక పూలసంతకు చేరును.

ఈ లెక్క తప్పించునది గోదావరియే. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. 2022 జూలైలో 25 లక్షలకు పైగా వచ్చినది. ఒండ్రు నిచ్చిన ఏరే ఒడ్డును కోసికొనిపోవును. నిన్నటి పూలమడి నేడు నీటిపాలగును. వరద తప్పినను ధర మిగిలియున్నది. వరివలె గాదెలో దాచుటకు పూవునకు వీలులేదు. పండుగ ముందునాటి ధర పండుగ మరునాడుండదు. కోతకూలి రాక పూవును చేనిలోనే విడిచిన రైతు లున్నారు. ఇప్పుడు ఏటికేడాది వాడని ప్లాస్టిక్ తోరణములు అంగళ్ళలో వ్రేలాడుచున్నవి.

బంతిని దేవునిపూజకు వాడక గుమ్మమునకే కట్టు ఇండ్లు నేటికిని కలవు. దూరమునుండి వచ్చిన అతిథికి మొదట దొరకిన చోటు గుమ్మమేయని మాకు తోచుచున్నది. ఒక పూవు మనదగుటకు వేల యేండ్లు అక్కరలేదు. నాటెడి చేతులును, కట్టుకొనెడి గుమ్మములును ఉన్న చాలును. ఆ రెండింటిలో ఏది తప్పినను నాలుగైదు వందల ఏండ్ల చుట్టరికము తెగిపోవును. రాబోవు పండుగకు తోరణము కొనబోవు గృహస్థులు ఈ సంగతి నొకమారు తలచుకొందురుగాక.