గురక నడుమ నిశ్శబ్దము

గురక యనగానే మనకు నవ్వు వచ్చును. ఒళ్లెరుగక నిద్రించువానిని కుంభకర్ణు డందుము. గురక ఎంత బిగ్గరగా నున్న నిద్ర అంత సుఖముగా నున్నదని తలతుము. వైద్యులును చాలకాలము దీనిని పెద్దగా పట్టించుకొనలేదు. గురకలోని అసలు అపాయము దాని చప్పుడునందు గాక, నడుమనడుమ వచ్చు నిశ్శబ్దమునందు కలదని స్పష్టపడుటకు దాదాపు నూరేండ్లు పట్టినది.

ముక్కు వెనుకనుండి గొంతులోనికి గాలి పోవు మార్గమునకు చాలమట్టుకు ఎముకల ఆధారము లేదు. దానిని తెరచి యుంచునవి కండరములు. నిద్రలో ఇవి సడలును. వెల్లకిల పరుండినచో నాలుక వెనుకకు జారును. దారి ఇరుకైనపుడు గాలి వడిగా పోవును. ఆ వడికి అంగిలి వెనుకనున్న మెత్తని భాగమును, కొండనాలుకయు రెపరెపలాడును. అదియే గురక. ఇరుకు మరింత హెచ్చినచో, తడిసిన కాగితపు గొట్టముతో గట్టిగా పీల్చినపుడు అది చదునై మూసుకొనిపోవునట్లే, దారి పూర్తిగా మూసుకొనును. అంతట గురక ఆగును. ఇంటివారు హమ్మయ్య అనుకొందురు! రోగి మాత్రము గాలికై పెనగులాడుచునే యుండును. రక్తములో ప్రాణవాయువు తగ్గగా మెదడు అతనిని క్షణకాలము మేల్కొల్పును. కండరములు బిగిసి, పెద్ద చప్పుడుతో గాలి లోనికి దూరును. వ్యాధి ముదిరినవారిలో ఒక్క రాత్రిలో ఇది వందలసార్లు జరుగును. తెల్లవారిన తరువాత వారికి ఇదేమియు జ్ఞాపకముండదు. పగలెల్ల కునికిపాట్లు, లోకులు పెట్టు పేరు సోమరి.

1877లో విలియం బ్రాడ్‌బెంట్ అను ఆంగ్ల వైద్యుడు లాన్సెట్ పత్రికలో మెదడులోని రక్తస్రావమును గురించి వ్రాయుచు, ఈ సంగతిని ప్రసంగవశమున పేర్కొనెను. వెల్లకిల పరుండి గురకపెట్టు వృద్ధులలో ఒక్కొక్కప్పుడు శ్వాస గొంతులోని అడ్డును దాటజాలక, కొన్ని శ్వాసల కాలము పూర్తి నిశ్శబ్దము కలుగుననియు, అప్పుడును రొమ్ము వృథాగా కదలుచుండుననియు ఆయన వర్ణించెను. వర్ణనలో లోప మేమియు లేదు. కాని దానినుండి ఒక వ్యాధి పేరు పుట్టలేదు.

పేరు నవలనుండి వచ్చినది. 1836-37లో డికెన్సు ప్రకటించిన పిక్విక్ కథలో జో అను లావుపాటి కుర్రవాడు కలడు. ఏ పని చేయుచున్నను నిద్రపోవును. 1956లో బోస్టనులో బర్వెల్, ఆయన సహచరులు ఒక స్థూలకాయుని గురించి వ్రాసిరి. పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికి వచ్చియు, పందెము కాయకుండ నిద్రలో పడినవా డతడు. దీనికి వారు పిక్విక్ లక్షణ సముదాయ మని పేరిడిరి. రక్తములో బొగ్గుపులుసు వాయువు పేరుకొనుటయే మత్తునకు కారణమని వారు భావించిరి. పగటి మత్తునకు కారణమును పగలే వెదకుట ఇందలి చిక్కు.

1965లో మార్సేలో గాస్టో, టాసినారి, డ్యురాన్‌లును, జర్మనీలోని ఫ్రైబర్గులో యుంగ్, కూలోలును ఇట్టి రోగుల నిద్రనే పరీక్షించిరి. మెదడు తరంగములను, శ్వాసను ఒకేసారి నమోదు చేయగా నిజము బయటపడినది. రొమ్ము కదలుచున్నది, ముక్కువద్ద గాలి లేదు. రోగి మాటిమాటికి మేల్కొనుచున్నాడు. పగటి కునుకు విరిగిన నిద్రకు ఫలమని తేలినది.

కారణము తెలిసినను చికిత్స కఠినముగా నుండెను. 1969లో కూలో బృందము అడ్డునకు దిగువన గొంతునకు రంధ్రము చేసి, గొట్టము నమర్చిన విధమును ప్రకటించెను. రోగికి నిద్ర పట్టినది. కాని గొంతులో రంధ్రముతో బ్రతుకుట సామాన్యము కాదు.

1980లో సిడ్నీ వైద్యుడు కోలిన్ సలివన్ దుమ్ము పీల్చు యంత్రపు మోటారును తిరుగవేసి, ముక్కునకు తగిలించిన తొడుగు ద్వారా గాలిని ఎడతెగక పంపెను. గాలి ఒత్తిడియే గొంతు గోడలను ఎడముగా నిలిపినది. 1981లో ఐదుగురు రోగుల ఫలితములు ప్రకటింపబడెను. వలసిన ఒత్తిడి 4.5 మొదలు 10 సెంటీమీటర్ల నీటిమట్టమునకు సమానము మాత్రమే. తొలి యంత్రములు పెద్దవి, చప్పుడు మిక్కుటము. నేడు అవి మంచము ప్రక్కనున్న చిన్న బల్లపై ఇముడుచున్నవి.