ఉత్తరాంధ్ర క్రీడాకారులు – సామాజిక నేపథ్యం

చరిత్ర అంటే రాజుల వంశావళి కాదనీ, శ్రమజీవుల జీవితమే అసలు చరిత్ర అనీ మనం సభల్లో తరచు చెప్పుకుంటాం. సాహిత్యచరిత్రకు, గ్రామచరిత్రకు ఈ సూత్రాన్ని కొంతవరకు అన్వయించాం కూడా. ఆటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాన్ని గుమ్మం బయటే వదిలేస్తున్నాం. ఆట అనగానే గెలుపోటముల లెక్క, పతకాల జాబితా. ఆడినవాళ్లు ఏ ఇంట్లో పుట్టారు, ఏం తిన్నారు, ఎవరి సొమ్ముతో ఆడారు, ఆట అయిపోయాక ఎలా బతికారు అన్న ప్రశ్నలు మనవి కావన్నట్టు ఊరుకుంటున్నాం. ఆ ప్రశ్నలు వేసుకోవడానికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో కావలసినంత సామగ్రి ఉంది.

విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం ఉంది. ఒకటి మహారాజకుమారుడి పేరు, మరొకటి మల్లయోధుడి పేరు. పక్కపక్క జిల్లా కేంద్రాల్లో ఉన్న ఈ రెండు పేర్లూ రెండు వర్గాల చరిత్రను చెబుతాయి.

విజ్జీ అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905లో పుట్టాడు. రాజకుటుంబంలో రెండో కొడుకు కావడం వల్ల గద్దె దక్కలేదు. కాశీలోని కుటుంబ ఎస్టేటు చేరి, అక్కడే సొంత క్రికెట్ మైదానం వేయించుకున్నాడు. 1930–31లో శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా ఇంగ్లీషు జట్టు మన దేశానికి రావడం మానుకుంది. దేశం ఉప్పు వండి జైళ్లకు పోతున్న ఆ రోజుల్లో విజ్జీ జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండ్ మేటి ఆటగాళ్లను తన ఖర్చుతో రప్పించి సొంత జట్టులో ఆడించాడు. 1936లో భారత జట్టుకు కెప్టెనై ఇంగ్లండ్ వెళ్లాడు. మూడు టెస్టుల్లోనూ కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. 1932లో దేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకత్వం వహించిన మన తెలుగువాడు సి.కె. నాయుడు ఆయన కింద మామూలు ఆటగాడిగా ఆడవలసి వచ్చింది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపేశారు. ఆ ఏడాదే విజ్జీకి బ్రిటిష్ ప్రభుత్వం ‘సర్’ బిరుదు ఇచ్చింది.

దీన్ని ఒక మనిషి దుర్గుణంగా చూస్తే విమర్శ అక్కడే ఆగిపోతుంది. ఆయన తర్వాతి కాలంలో క్రికెట్ బోర్డు అధ్యక్షుడుగా, రేడియో వ్యాఖ్యాతగా ఆటకు సేవ చేసిన మాట కూడా నిజం. మనం గమనించవలసింది వ్యవస్థను. ఆటకు పెట్టుబడి పెట్టేవాడే ఆటకు నాయకుడు కావడం భూస్వామ్య సంబంధాల సహజ ఫలితం. విజయనగరం రైతు కట్టిన శిస్తుకూ, ఇంగ్లండ్ పచ్చికమీద ఆ 33 పరుగులకూ మధ్య ఒక దారం ఉంది. క్రీడాచరిత్రకారులు రెండో కొసను మాత్రమే పట్టుకున్నారు.

ఇక కోడి రామ్మూర్తి నాయుడు. పుట్టింది వీరఘట్టంలో, 1882లో అని ఎక్కువమంది రాశారు. ఆనాటి విశాఖపట్నం, తర్వాతి శ్రీకాకుళం, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా – ఊరు కదలకుండానే జిల్లాలు మారాయి. పినతండ్రి దగ్గర విజయనగరంలో పెరిగి, తాలింఖానాలో కుస్తీ నేర్చాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది వచ్చి విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. అంటే మన వృత్తివాడే. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టాడు. గుండెలమీద ఏనుగును నిలబెట్టుకోవడం, ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసులు తెంచడం, కదలబోయే మోటారు కార్లను పట్టి ఆపడం – ఇవన్నీ జనం కథలుగా చెప్పుకొన్నారు. కలియుగ భీముడన్నారు.

ఈ జనాదరణ వెనుక చారిత్రక కారణం ఉంది. భారతీయుడు బలహీనుడు గనుకనే పాలింపబడుతున్నాడని వలసపాలకులు ప్రచారం చేసిన కాలమది. 1910లో గామా లండన్ వెళ్లి జిబిస్కోతో తలపడ్డప్పుడు దేశమంతా ఉప్పొంగడానికీ ఇదే కారణం. సరిగ్గా ఆ కాలంలోనే, అదే విజయనగరంలో ఉండి గురజాడ తన దేశభక్తి గేయంలో తిండికీ, దేహబలానికీ, దేశానికీ సంబంధం చూపించాడు. గురజాడది ఆలోచన, రామ్మూర్తిది ఆచరణ. గొలుసు తెగిన చప్పుడులో టిక్కెట్టు కొన్న బీదవాడు వినోదంతో పాటు మరేదో కూడా విన్నాడు.

కాని రామ్మూర్తి జీవితపు చివరి అధ్యాయాన్ని మన బాలసాహిత్యం దాటవేస్తుంది. కాలికి దెబ్బ తగిలింది, కాలు తీసివేయవలసి వచ్చింది. సర్కసు పోయింది. 1942 జనవరిలో కన్నుమూసే నాటికి ఆయన ఒరిస్సా ప్రాంతపు సంస్థానాధీశుల ఆశ్రయంలో ఉన్నాడు. జనం టిక్కెట్లమీద నిలబడ్డ మనిషి, దేహం కూలాక మళ్లీ దివాణం గుమ్మం ఎక్కవలసి వచ్చింది. ఆటగాడి దేహమే అతని పొలం, అదే అతని పనిముట్టు. అది పాడైన రోజున ఆదుకొనే పింఛను గాని, సంఘం గాని లేని చోట బలానికి మిగిలేది దయాధర్మం మాత్రమే.

మూడో జీవితం ఒక స్త్రీది. పురుషుల వెయిట్ లిఫ్టింగ్ 1896లో మొదటి ఒలింపిక్స్‌లోనే ఉంది. స్త్రీలకు ఆ వేదిక దొరికింది 2000లో, సిడ్నీలో. నూట నాలుగేళ్ల తేడా ఇది. ఆ మొదటి అవకాశంలోనే, సెప్టెంబరు 19న, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట బిడ్డ కరణం మల్లేశ్వరి 69 కిలోల తరగతిలో 110, 130 – మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. చివరి ప్రయత్నంలో స్వర్ణం కోసం 137.5 కిలోలకు పూనుకొని విఫలమైంది. తక్కువకు రాజీపడి ఉంటే బాగుండేదని లెక్కలు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తండ్రి రైల్వే రక్షకదళంలో చిన్న ఉద్యోగి. ఇంట్లో అందరూ ఆడపిల్లలే. తల్లి ప్రోత్సాహంతో, నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులెత్తడం నేర్చుకున్నారు. 1994, 1995లలో ఆమె ప్రపంచ విజేత. అయినా సిడ్నీకి ముందు ఆమె ఎంపికను ఎద్దేవా చేస్తూ పత్రికలు రాశాయి. పురుషుడి దేహబలాన్ని భీముడితో పోల్చిన సమాజమే స్త్రీ దేహబలాన్ని అనుమానంతో చూసింది. పొలంలో, రేవులో, ఇటుకబట్టీ దగ్గర స్త్రీ బరువులెత్తడం మనకు వింత కాదు. వేదికమీద, తన పేరు కోసం ఎత్తినప్పుడే అది వింత అయింది. కూలికి ఎత్తితే పని, కీర్తికి ఎత్తితే తప్పు అన్న ఈ నీతిని విప్పి చూపడం అభ్యుదయ విమర్శకుల బాధ్యత.

మరో సంగతి. పెళ్లి తర్వాత ఆమె హర్యానాలో స్థిరపడి, శిక్షణ సంస్థను అక్కడే, యమునానగర్ ప్రాంతంలో పెట్టుకుంది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్స్‌లర్ అయింది. ఉత్తరాంధ్ర కూలీ వలసపోయినట్టే ఉత్తరాంధ్ర ప్రతిభ కూడా వలసపోతున్నది. కారణాలు వేరు కావచ్చు, ఖాళీ అయ్యేది మాత్రం ఈ నేలే.

అయినా నేల గొడ్డుపోలేదు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అనే పల్లెలో ఇంటింటా బరువులెత్తే పిల్లలున్నారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచింది. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా బాలిక మాదకద్రవ్య పరీక్షలో పట్టుబడ్డాక అది రజతమైంది. ఆ నైజీరియా పిల్లకు అప్పటికి పదహారేళ్లు. పతకం చేతులు మారిన సంగతి అందరూ రాశారు. పదహారేళ్ల పేదదేశపు పిల్లను అందులోకి దించిన వ్యవస్థ గురించి రాసినవారు తక్కువ.

బడిపంతులుగా నేను ప్రతి ఏడూ చూస్తున్నదొకటి ఉంది. క్రీడాజట్టులో పేరిచ్చే పిల్లల్లో ఎక్కువమంది కూలీల పిల్లలు. సైన్యంలోనో, పోలీసులోనో, రైల్వేలోనో కొలువు దొరుకుతుందన్న ఆశ వాళ్లను పొద్దున్నే మైదానానికి తెస్తుంది. పరిగెత్తి వచ్చాక తినడానికి గంజి తప్ప మరేమీ లేని పిల్లకు గుడ్లు, పాలు తాగమని సలహా ఇవ్వడం నాకు ఎప్పుడూ సిగ్గుగానే ఉంటుంది. పోటీలో నెగ్గిన ఒక్కరి పేరు పత్రికలో వస్తుంది. మోకాలు చెడి, వయసు మీరి, కొలువూ రాక వెనక్కి తిరిగిన తొంభైతొమ్మిది మంది ఏ జాబితాలోనూ ఉండరు.

చాగంటి సోమయాజులు ‘ఎందుకు పారేస్తాను, నాన్నా!’లో బడి మానవలసిన కుర్రవాడి గుండెను మనకు చూపించాడు. మైదానం మానవలసి వచ్చిన పిల్ల గుండెను చూపించే కథ కోసం నేను ఎదురుచూస్తున్నాను. చాసో, కారా పుట్టిన నేలమీద ఆ కథకు వస్తువు కొరత లేదు. మన యువరచయితలు వీరఘట్టానికి, ఊసవానిపేటకు, కొండవెలగాడకు వెళ్లాలి. గెలిచినవారిని పొగడటానికి చాలామంది ఉన్నారు. ఓడి ఇంటికొచ్చినవారి పక్కన కూర్చుని, ఏం తిన్నారో, ఎంత అప్పయిందో, ఇప్పుడేం చేస్తున్నారో అడిగి రాయడం మన పని.